సంతకం అయినంక

ఇప్పలచెలక,
ఏప్రిల్ 21, సోమవారం.

బిడ్డ భానుకు నీ మేనత్త బతుకమ్మ ఎవరితోని రాయించక, సొంత చేతితోని రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ అందరం పానాలతోని ఉన్నం. మీ నాయన మోకాళ్ళు ఎట్లున్నయి? కొత్తగూడెం ఎండల్ల బయట తిరగొద్దని మా తమ్మునికి గట్టిగ చెప్పు. నువ్వు ఖమ్మంల ఒక్కదానివే కిరాయి గదిల ఉంటున్నవ్. గ్యాసు కట్టేసినవా లేదా రెండుసార్లు చూసుకో. ఒకసారి చూస్తే చాలదు.

నీ ఉత్తరం బేస్తవారం వచ్చింది. పోస్టు లచ్చిరాం నా హోటల్ కాడ చాయ్ తాగుకుంట "చదివి పెట్టాల్నా?" అన్నడు. నాకు చదువొచ్చు పో అన్న. మూడుసార్లు చదివిన. మూడుసార్లు పొయ్యి మీది చాయ్ పొంగిపోయింది.

ఫోన్ల వేసేదానికి సంతకం పెట్టుడేంది బిడ్డా? ఈ ముచ్చట నువ్వు ముందు చెప్పలె. వానకాలంల రేడియోల భద్రాచలం కాడ గోదారి ఎన్ని అడుగులున్నదో చెప్తరు, ఆ అంకె ఫోన్ల నొక్కితే మన వాగు చప్టా మీద పోవచ్చా పోవద్దా అని నా గొంతు చెప్తదన్నవ్. టవర్ లేకున్నా పలుకుతదన్నవ్. మంచిదే అన్న, కొత్తగూడెం వచ్చినప్పుడు నీ ఫోన్ల మాట్లాడి గొంతు ఇచ్చిన. ఇప్పుడేమో "యాప్ తయారైతంది అత్తా, ఇంక సంతకం చేసి విడుదల చేసుడే" అని రాసినవ్. విడుదల అనేది జైలు నుంచి చేస్తరు. దానికి ముందు ఏమైతదో నాకు తెల్వదా?

సంతకం అంటే నాకు భయం. కాగితం మీద ఒకసారి సంతకం పడ్డదంటే ఇంక దిద్దరాదు, దిద్దితే చెల్లదు. పించను కాగితంల నా వయసు తప్పు పడ్డది. అడిగితే, సంతకం అయిపోయిందమ్మా అన్నరు. అందుకే ఇప్పటికి నేను మీ నాయన కంటే రెండేండ్లు చిన్న. వాణ్ని ఎత్తుకొని తిప్పినదాన్ని.

నా నీళ్ళ పుస్తకం నీ కాడ భద్రమేనా? అది ముప్పై ఏండ్ల వానలు. గోదారి నిండితే మన వాగుకు పోయే తోవ ఉండదు, ఎనకకు తన్ని చప్టా మీదికెక్కుతది. హోటల్ ముంగటనే చప్టా కాబట్టి దిగేటోళ్ళంత నన్నే అడుగుతరు. అడుగుతరని నేను రాసుకుంట వచ్చిన.

ఎందుకు ఒప్పుకున్ననో నీకు తెలుసు గానీ మళ్ళ రాస్త. అటు మొన్నటి వానకాలం నాకు జరమొచ్చి ఒక్కరోజు హోటల్ తెరవలె. బట్టలమ్మే చందూలాల్ మూట బండికి కట్టుకొని ఆ రోజే వచ్చిండు. ఎన్నడు వచ్చినా "పెద్దమ్మా, దిగొచ్చా?" అని అడిగి దిగెటోడు. ఆ రోజు అడుగుదామంటే తలుపు మూసున్నది. మూట దొరికింది. మనిషి రెండు రోజులకు దొరికిండు.

నేను లేని రోజు నా గొంతన్న ఉండాలె. గంతే నాకు కావాల్సింది. కానీ సంతకం అంటున్నవ్. జర ఇవరంగ రాయి.

నీ మేనత్త,
బతుకమ్మ

*

ఖమ్మం,
ఏప్రిల్ 28.

అత్తా,

గ్యాసు రెండుసార్లు చూసిన. మూడోసారి నీకోసరం చూసిన.

విడుదల అంటే జైలు కాదు, అందరి ఫోన్లకు అందేటట్టు బయటికి పంపుడు. సంతకం అంటే కాగితం మీద గీసేది కాదు. నా కంప్యూటర్ల ఒక తాళంచెవి తయారు చేసిన. కీ అంటరు. ఇనుముది కాదు, పొడుగాటి అంకెలు. దానితోని యాప్ మీద ముద్ర పడ్తది. రేపు ఎవడన్న మధ్యల చెయ్యి పెట్టి నీ "పోవద్దు"ను "పోవచ్చు" చేసిండనుకో, ముద్ర కలవదు, ఫోన్ దాన్ని లోపలికి రానియ్యదు. నీ మాట నీ మాటగనే పోవాలంటే సంతకం ఉండాలె.

కీ తయారైతున్నప్పుడు కంప్యూటర్ మనిషిని అడిగినట్టే అడుగుతది. పేరేంది, ఏ ఊరు, ఏ రాష్ట్రం. పేరు కాడ నీ పేరే రాసిన. ఊరు ఇప్పలచెలక. ఎన్నేండ్లు చెల్లాలె అంటే ముప్పై ఏండ్లన్న. యాప్ పేరు "వాగు మాట" అని పెట్టిన. బాగుందా?

ఇంకో పని ఉన్నది. బయటికి పంపే ముందు పన్నెండుమంది పద్నాలుగు రోజులు ఆపకుండ తమ ఫోన్లల ఉంచుకొని వాడి చూడాల్నట, నియమం. వాళ్ళను నువ్వే కూడబెట్టాలె. ఎట్ల ఎక్కించుకోవాల్నో ఆటో రెడ్యాకు ఫోన్ల చెప్పిన, టవర్ కాడికి తీస్కపోయి అందరికి ఎక్కిస్తడు.

నీ పుస్తకం భద్రం. "గోదారి 38, నీళ్ళు చప్టాకు 10 అడుగులు" అని ఎంత శుభ్రంగ రాసినవ్ అత్తా! గట్ల ప్రతి వరదకు ఉన్నది, దాన్ని పట్టుకొనే లెక్కలు కట్టిన. చప్టా మునిగిన రోజులు మాత్రం ఒక్కటి రాసిలేదేంది?

ఎండలు తగ్గినంక నేనే వచ్చి చప్టా చూసిపోత.

నీ మేనకోడలు,
భాను

*

ఇప్పలచెలక,
మే 19.

బిడ్డ భానుకు,

మునిగిన రోజు రాసుకునుడెక్కడిది? పొయ్యి, గిన్నెలు, చక్కెర డబ్బా ఎత్తుకొని గుట్టెక్కుడే. రేడియో తడుస్తదని అన్నిటికంటే ముందు దాన్నే గోనెసంచిల చుడ్త. నీళ్ళు దగ్గరికొచ్చేదాకనే నా రాత.

పన్నెండుమంది అయిండ్రు. ఎంత తిప్పలో నాకే తెలుసు. ఇది తునికాకు కాలం గద, ఊరంత తెల్లారకముందే అడవిల పడి ఆకు కోసుకొస్తరు, కట్టలు కట్టేదాక తల ఎత్తరు. "పెద్దమ్మా, ఎండల వాగుల చుక్క లేదు, ఇప్పుడు నీళ్ళ ముచ్చటేంది?" అన్నరు. నీళ్ళొచ్చినంక ముచ్చట్లు పెడ్తరా అన్న. ఆటో రెడ్యా మొదటోడు. సూదులేసే నర్సు శ్యామల రెండు. లచ్చిరాం మూడు. గట్ల పదకొండు దాక వచ్చి ఆగింది. పన్నెండోది నా ఫోనే, నువ్విచ్చింది. నా గొంతు నేనే పరీక్ష చేసుకుంటే చెల్లుతదా? చెల్లదంటే జల్దీ రాయి.

రెడ్యా ఎక్కించుకోంగనే అంకెలల్ల తొంభై తొమ్మిది నొక్కిండు. "గుట్టెక్కుండ్రి! ఏం పట్టుకోకుండ్రి, పిల్లలను పట్టుకోండ్రి!" అని నేను ఫోన్ల నుంచి ఒర్రిన. కట్టలు కట్టే ఆడోళ్ళంత నవ్విండ్రు. ఒక ముసలాయన మాత్రం నిజంగనే లేచిండు.

ఎనిమిదో రోజు రెడ్యా దాన్ని తీసేసి ఏదో సినిమా ఎక్కించుకున్నడు, జాగ సాలలేదట. పన్నెండుల ఒకటి పోతే మళ్ళ మొదటికొస్తదేమో అని ఉరికిన. వాని ఆటో ముంగట కూసున్న. "పెద్దమ్మా, సవారీలున్నయి" అన్నడు. "నీ సినిమాల హీరో వాగుల పడ్డోణ్ని బయటికి తీస్తడు, నువ్వు తీస్తవా?" అన్న. ఆ సాయంత్రం మళ్ళ టవర్ కాడికి పోయి ఎక్కించుకొచ్చిండు.

పేరు ముచ్చట. వాగు మాట మంచిగున్నది. కానీ నా పేరు ముప్పై ఏండ్లు చెల్లాల్నా? నాకిప్పుడే డెబ్బై రెండు. నేను పోయినంక తప్పు జరిగితే ఎవర్ని అడుగుతరు? నిన్నా? నీ పేరు మాత్రం యాడ రాయకు.

వానలు పడకముందే రా. వస్తనన్నవ్. నీకు ఇష్టమని ఎర్రకారం దంచి పెట్టిన.

నీ మేనత్త,
బతుకమ్మ

*

ఖమ్మం,
జూన్ 20.

అత్తా! నొక్కిన!

పద్నాలుగు రోజులు పూర్తయినయి, రెడ్యా సినిమా ఏం చెడగొట్టలె. తర్వాత యాప్‌లు బయటికి పంపే కంపెనీ వాళ్ళు వారం రోజులు పరీక్ష చేసిండ్రు. నిన్న పొద్దుగాల కీ పెట్టి సంతకం చేసి విడుదల చేసిన. బతుకమ్మ, ఇప్పలచెలక అనే ముద్రతోని వాగు మాట బయటికి పోయింది.

మీ పన్నెండుమందే కాదు, ఇప్పుడు ఆ తోవల తిరిగేటోళ్ళు ఎవరన్న ఎక్కించుకోవచ్చు. భద్రాచలం, చర్ల దిక్కు ఆటోలోళ్ళకు రెడ్యా చెప్తున్నడట. మొదటిరోజే నలభైమంది.

నేను రాలేకపోయిన అత్తా. ఇక్కడ జర పనులున్నయి. నీ లెక్కలు శుభ్రంగ ఉన్నయి కాబట్టి రంది లేదు. ఎర్రకారం లచ్చిరాం చేతికియ్యకు, సంచి అంత ఘాటెక్కుతది.

భాను

*

ఇప్పలచెలక,
జూలై 4.

బిడ్డ భానుకు,

ఉత్తరం అందింది. సంబురమైంది. అందరికి చదివి వినిపించిన.

మృగశిరల మంచి వానే పడ్డది. పత్తి గింజలు పెట్టిండ్రు. శ్యామల ఈ వానలల్ల రెండుసార్లు సూదులేసే డబ్బా పట్టుకొని అవతలి గూడేలకు పోయింది, ఇంక మూడుసార్లు పోవాల్నట. హోటల్ రేకులకు ఒక బొక్క పడ్డది, లచ్చిరాం తారు పూసిండు. పిల్లి ఈనింది. మీ నాయనకు షుగర్ చూపిచ్చిండ్రా?

ఒకటి అడుగుత. ఊరికెనే అడుగుతున్న. నువ్వేమనుకోకు.

సంతకం అయినంక లోపల ఏమన్న కొట్టివేతలుంటే ఏమైతది? అంటే ఉన్నయని కాదు. ఒకవేళ అంకె పక్కన ఉండాల్సిన మాట ఇంకో అంకె పక్కన పడ్డదనుకో. పడలె. పడ్డదనుకో. అప్పుడు ముద్ర వేసినోళ్ళను పట్టుకుంటరా? పేరు ఉన్నోళ్ళను పట్టుకుంటరా, చేయి పెట్టి నొక్కినోళ్ళను పట్టుకుంటరా?

నీకు ఇంకేదో పెద్ద పని ఉన్నట్టున్నది, ఉత్తరం చిన్నగ రాసినవ్. నిన్ను సతాయించ. ఏం లేదు. ఇక్కడ అంత మంచిదే.

గోదారి ఇయ్యాల ఇరవై మూడు. ఇంక శానా దూరం ఉన్నది. ఉన్నది కదా?

నీ మేనత్త,
బతుకమ్మ

*

ఖమ్మం,
జూలై 9.

అత్తా,

నీ భయం నాకు తెలుసు, ఎవడో దొంగ మధ్యల మారుస్తడనే కదా! నిమ్మలంగ ఉండు. సంతకం అయినంక ఒక్క అక్షరం మారినా ఫోన్ తీసుకోదు. బ్రహ్మదేవుడొచ్చినా మార్చరాదు. నీ మాట రాయి మీద చెక్కినట్టు ఉన్నది.

పట్టుకునుడు, గిట్టుకునుడు ఏం లేదు. రెండొందల పదిమంది ఎక్కించుకున్నరు తెలుసా? పిల్లి పిల్లలు ఎన్ని?

నాయనకు షుగర్ లేదు. నీకు లేని రోగాలన్ని వానికి అంటగట్టకు.

ఈ వారం హైదరాబాద్ పోయొస్త. వచ్చినంక పెద్ద ఉత్తరం రాస్త.

భాను

*

ఇప్పలచెలక, చప్టా కాడ,
జూలై 15.

బిడ్డా,

ఈ ఉత్తరం లచ్చిరాంకు ఇస్తలేను, నాలుగు రోజులు పడ్తది. రెడ్యా అడవి తోవల చుట్టు తిరిగి భద్రాచలం పోయి ఖమ్మం బస్సు కండక్టర్ చేతుల పెడ్తడు. ఫోన్ల చెప్పమంటే వాడు సగమే చెప్తడు, అందుకే రాస్తున్న. తడుస్తదని రెండు కవర్లల పెట్టిన. చప్టా కాడ గొడుగు కింద కూసొని రాస్తున్న, అక్షరాలు వంకరగుంటయి.

నేను అబద్ధం ఆడిన. నాలుగో తారీఖు ఉత్తరం రాసేటప్పటికే నాకు తెలుసు.

ఆ పొద్దు పని లేక ఫోన్ తీసి ఒక్కొక్క అంకె నొక్కి చూసుకుంట కూసున్న. నలభై రెండు నొక్కిన. "పోవచ్చు బిడ్డా, నిమ్మలంగ పో" అన్నది నా గొంతు. నలభై ఐదు నొక్కినా అదే. నలభై ఎనిమిదికి గాని పోవద్దు అనలె. నలభై రెండుకు చప్టా యాడుంటది? కనవడదు కూడ.

నీ పాత ఉత్తరం తీసి చూసిన. "నీళ్ళు చప్టాకు 10 అడుగులు" అని నేను రాసింది నువ్వు నిలువు కొలత అనుకున్నవ్. టేపు మీద ఉండే అడుగులు. నేను రాసింది నా కాలి అడుగులు బిడ్డా. చప్టా అంచున నిలవడి, ఒడ్డు మీద నీళ్ళ దాక నడుచుకుంట పోయి, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి రాసిన. ముప్పై ఏండ్లు గట్లనే రాసిన. ఆ ఒడ్డు ఏటవాలు, పది అడుగులు నడిస్తే నిలువుల మోకాలెత్తు దిగుతది. గంతే. గోదారి ఇంక రెండడుగులు పెరిగితే చప్టా మీద నీళ్ళే.

ఎందుకు చెప్పలేదంటవా? సంతకం అయిపోయిందని రాసినవ్. నేను తిప్పి తిప్పి అడిగితే, ఒక్క అక్షరం మారరాదు, రాయి మీద చెక్కినట్టున్నది అన్నవ్. మారనిదాన్ని చెప్పి నిన్ను ఏడిపించుడెందుకు, నీళ్ళు రాకపోతే ఈ ఏడు గడుస్తది అనుకున్న. పొయ్యి కాడ దేవుణ్ని మొక్కుకుంట కూసున్న. మొక్కితే ఆగుతదా గోదారి?

నిన్న రేడియోల నలభై ఒకటి అన్నరు. మొన్నటి నుంచి హోటల్ బెంచీ చప్టా ముంగట అడ్డం పెట్టి కూసున్న. ఎర్రచీర చింపి తాడుకు కట్టిన. వచ్చినోళ్ళంత ఫోన్ చూపిస్తున్నరు. "ఇగో, నీ గొంతే పొమ్మంటంది గద!" అంటున్నరు. శ్యామల సూదుల డబ్బా పట్టుకొని నా మీదికొచ్చింది. "మంచు కరుగుతది పెద్దమ్మా, జరుగు" అన్నది. "మంచు కరిగితే మళ్ళ పోస్తరు" అన్న. కోపంతోని పోయింది. రెడ్యా అడిగిండు, "ఫోన్ల పెద్దమ్మ పొమ్మంటది, బెంచీ మీది పెద్దమ్మ వద్దంటది, ఏ పెద్దమ్మ మాట ఇనాలె?" అని. "నడుము నొస్తున్న పెద్దమ్మ మాట ఇను" అన్న. వాడు నవ్వి ఆటో చప్టాకు అడ్డంగ పెట్టిండు.

ఇప్పుడు చప్టా మీద మోకాళ్ళ నీళ్ళున్నయి. ఇంక ఎవరు దిగలె. కానీ నేను ఒక్క చప్టా కాడనే ఉన్న, ఫోన్లు రెండొందలని రాసినవ్. రేపు నాకు జరమొస్తే?

పోలీసోళ్ళు వస్తే రానియ్యి. సంతకం నా పేరు మీదున్నది. నువ్వు నొక్కిన సంగతి చెప్పకు.

నీ మేనత్త

*

ఖమ్మం,
జూలై 17.

అత్తా,

నిన్న పొద్దున కండక్టర్ గది కాడికే వచ్చి ఇచ్చిపోయిండు. నిలవడే చదివిన. చదవంగనే యాప్ కొత్తోళ్ళకు దొరకకుండ ఆపేసిన. రెడ్యాకు ఫోన్ చేసిన, దొరికిన ప్రతి ఆటోవాళ్ళతోని తీసేయిస్తున్నడు. శ్యామల తనకు తెలిసిన గూడేలకు కబురు పంపిందట. ఆమెకు ఇప్పుడు కోపం లేదు. నీతోని మాట్లాడుదామంటే నువ్వు టవర్ కాడికి రావాలె, నువ్వేమో బెంచీ దిగవు. అందుకే రాస్తున్న.

ముందు ఇది చదువు. సంతకం అయినంక దిద్దొచ్చు.

నేనే సగం చెప్పిన. వేరేటోడు దిద్దరాదు. మనం దిద్దొచ్చు. పాతదాని మీద కొట్టివేతలు పెట్టుడు ఉండదు. మొత్తం మళ్ళ సరిగ్గ తయారుచేసి, మీద రెండు అని అంకె వేసి, అదే కీతోని మళ్ళ సంతకం చేస్తం. అప్పుడు ఫోన్ ఒక్కటే చూస్తది, మొదటిసారి సంతకం చేసినోళ్ళే ఇప్పుడు చేసిండ్రా అని. వాళ్ళే అయితే పాతదాన్ని తీసి కొత్తదాన్ని పెట్టుకుంటది. సంతకం ఉన్నదే దిద్దుకునే హక్కు మనకే ఉండనీకి. రెండోసారి, మూడోసారి, ముప్పై ఏండ్లు.

నిన్ను ఎవ్వరు పట్టుకోరు. పట్టుకోవాలంటే నన్నే పట్టుకోవాలె.

నేను కూడ దాచిన. పోయిన వారం హైదరాబాద్‌ల నౌకరీ ఇంటర్వ్యూ ఉండె. విడుదలైన యాప్ ఒకటి చూపిస్తే మంచిదన్నరు. అందుకే ఉరుకులాడిన. వచ్చి చప్టా చూస్తనన్న మాట తప్పిన. ఒక్కరోజు బస్సెక్కి వచ్చి టేపు పడితే నీ అడుగేందో నా అడుగేందో తెలిసేది. నువ్వు ముప్పై ఏండ్లు నడిచి రాసినదాన్ని నేను కుర్చీల కూసొని చదివిన.

ఇంటర్వ్యూ వాళ్ళకు నిన్ననే ఫోన్ చేసి చెప్పిన, నేను చూపించినదాంట్ల తప్పున్నదని. వాళ్ళేమంటరో తెల్వదు. ఇప్పుడది తర్వాత ముచ్చట.

నీళ్ళు దిగంగనే వస్త. ఈసారి వస్త. టేపు కొన్న, యాభై అడుగులది. ఇనుప అడుగులు.

నువ్వు పదకొండు రోజులు చెప్పకపోతేంది అత్తా, రెండు రోజులు అడ్డం కూసున్నవ్. అన్నం తింటున్నవా?

భాను

*

ఖమ్మం,
ఆగస్టు 2.

అత్తా,

చేరిన. చెప్పులకు మన వాగు బురద ఇంక పోలె.

ఇయ్యాల సంతకం చేసిన. రెండోది. మనం కొలిచినట్టే పెట్టిన, చప్టా మునిగేది ముప్పై తొమ్మిదిన్నరకు. రెడ్యా టేపు ఆ కొస, నువ్వు ఈ కొస పట్టుకొని "సరిగ్గ పట్టురా, మీ ఆటో మీటర్ కాదు" అన్నది నాకు ఇప్పటికి నవ్వొస్తంది. కానీ ముప్పై ఎనిమిది నుంచే పోవద్దు అంటది. ఆ అడుగున్నర నీ భయం అత్తా. లెక్కల్ల దానికి కూడ జాగ ఇచ్చిన.

ఎవరన్న తప్పు చూస్తే చెప్పనీకి లోపల ఒక గుండి పెట్టిన. నొక్కి మాట్లాడితే టవర్ కాడికి పోయినప్పుడు నాకు చేరుతది. మళ్ళ పదకొండు రోజులు దాచుకునే పని ఉండదు.

నిన్నటికి నూట తొంభైమంది తీసేసిండ్రు, ఇయ్యాల పొద్దుగాల నుంచి వందమంది మళ్ళ ఎక్కించుకున్నరు. హైదరాబాద్ వాళ్ళు ఇంకోసారి రమ్మన్నరు. ఈసారి తప్పు ఎట్ల దొరికింది, ఎట్ల దిద్దినవ్ అనేదే చెప్పాల్నట. నీ బెంచీ ముచ్చట చెప్త.

రాఖీకి కొత్తగూడెం వస్తున్నవ్ కదా? నేను కూడ వస్త. నాయన ఇప్పటినుంచే కొత్త అంగీ తీసి పెట్టుకున్నడు.

భాను

*

ఇప్పలచెలక,
ఆగస్టు 9, రాఖీ పున్నమ.

బిడ్డ భానుకు,

నేను రాలేదని మీ నాయన అలిగి ఉంటడు. అలగనియ్యకు. ఎందుకు రాలేదో చదివి వినిపించు.

పొద్దుగాలనే తానం చేసి, కొత్త చీర కట్టుకొని, రాఖీ, పేడాల డబ్బా సంచిల పెట్టుకొని రెడ్యా ఆటో ఎక్కిన. ఎనక ఇద్దరు ఆడోళ్ళు, వాళ్ళు కూడ అన్నదమ్ముల కాడికే. రేడియోల ముప్పై ఎనిమిది అన్నరు. నేను దిగి చప్టా చూసిన. కనవడుతంది. నీళ్ళు ఇంక కిందనే ఉన్నయి. నా అడుగులతోని తొమ్మిది.

"పోనియ్యిరా, దాటొచ్చు" అన్న.

వాడు ఫోన్ తీసి ముప్పై ఎనిమిది నొక్కిండు. "వద్దు బిడ్డా, ఆగు. చప్టా కనవడుతంది గదా అని దిగకు. నీళ్ళు నిన్ను చూసుకుంట పెరగవు" అన్నది నా గొంతు. ఎంత గట్టిగ చెప్పిన్నో బిడ్డా, నాకే కోపమొచ్చింది.

"పెద్దమ్మ వద్దన్నది" అన్నడు రెడ్యా.

"పెద్దమ్మను నేనే గదరా!"

"నువ్వు రాఖీ కట్టే పెద్దమ్మవు. ఆమె వాగు చూసే పెద్దమ్మ. ఆమెకు అన్నదమ్ములు లేరు" అని ఆటో మలిపిండు. ఎనక కూసున్న ఆడోళ్ళు నవ్వుడు. నేను తిట్టిన. ముప్పై ఏండ్లు ఈ చప్టా చూసినదాన్ని, అడుగున్నర ఉన్నది, ఉరికిచ్చినా దాటుతం అన్న. ఒకడు పండుగపూట తొందరపడుడు ఎట్లుంటదో నాకు ఇయ్యాల తెలిసింది. చందూలాల్‌కు గూడ ఆ రోజు ఏదో తొందర ఉండే ఉంటది. నేను ఈ రెండేండ్లు వాడు అడగనీకి నేను లేనని ఏడ్చిన గాని, వాడు ఎందుకు దిగిండో ఒక్కనాడు అనుకోలె.

హోటల్ తీసి అందరికి చాయ్ పోసిన. శ్యామల వచ్చింది, లచ్చిరాం వచ్చిండు. అవతలి ఒడ్డున కూడ ఒక ఆటో ఆగింది, రెండు బండ్లు ఆగినయి. వాగు చప్పుడుల వాళ్ళ మాట ఇనరాలె గాని, ఒకాయన ఫోన్ చెయ్యెత్తి మాకు చూపిచ్చిండు. మేం ఇటునుంచి చూపిచ్చినం.

పన్నెండు గంటలకు చప్టా మునిగింది. చూసుకుంటనే ఉన్నం. మొదలు ఒక కొస తడిసింది, తర్వాత మధ్యల నురగ లేచింది, తర్వాత తోవ లేదు. నేను సంచి ఒళ్ళె పెట్టుకొని కూసున్న. మేం పొద్దుగాల దాటుంటే దాటే ఉంటిమి కావొచ్చు. కాకుంటే? రెడ్యా ఇంకో చాయ్ అడిగిండు. పైసలు తీసుకోలె.

రాఖీ ఈ కవర్ల పెట్టిన. ఎర్రదారం, మధ్యల పూస. నువ్వే మీ నాయన కుడిచేతికి కట్టు, నా బదులు. పేడాలు పంపలె, ఇక్కడ చిక్కుకున్నోళ్ళకు పంచిన.

నీళ్ళు దిగినంక వస్త. ఎప్పుడొస్తనో అంకె చూసి ఆమె చెప్తది.

నీ మేనత్త,
బతుకమ్మ